నీలం రంగు బోరింగు

నా చిన్నప్పుడు మా వాడలో దేవుడి తరువాత అంత మర్యాద దక్కింది ఒక బోరింగుకే. మర్రిగూడ వైపు మెట్ట నేలల్లో ఒక చిన్న ఊరు మాది. ఊరి బావిలో మా వాళ్లు చేద వేయడానికి లేదు. పైనుంచి ఎవరైనా దయతలచి పోస్తే దోసిలి పట్టి తాగాలి, కడవ పట్టి తెచ్చుకోవాలి. నేను పుట్టిన ఏడు ఫాదర్ ఒకాయన పూనుకొని చర్చి ముందర బోరింగు వేయించాడట. బండ తగిలి మిషను ఆగిపోతే, మా వాళ్లు పునీత అంతోనివారికి మొక్కారట. మర్నాడే నీళ్లు పడ్డాయి. అప్పటినుంచి దాన్ని అంతోనివారి బోరింగు అన్నారు. ఊరి బావి నీళ్లు మట్టి రంగులో ఉంటే మావి అద్దంలా ఉండేవి. అందుకు మాకు కాస్త పొగరు కూడా ఉండేది.

మా తాత ఆ చర్చికి ఉపదేశి. ఫాదర్ నెలకొకసారి వస్తే గొప్ప. మిగతా రోజుల్లో గంట కొట్టడం, జపాలు చెప్పించడం, చనిపోయినవాళ్లకు ప్రార్థన చదవడం అన్నీ తాతే. మా వాడలో మొదట అక్షరం ముక్క నేర్చిన మనిషి. ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

మృగశిర కార్తె వచ్చిన వారానికి అంతోనివారి పండుగ. తొమ్మిది రోజుల ముందు జెండా ఎత్తేవారు. పండుగనాడు స్వరూపాన్ని తేరులో నిలబెట్టి, ఎనిమిదిమంది భుజాల మీద వాడంతా తిప్పేవారు. తేరు మోసే కర్ర ముందు కొమ్ము మా బాపుది. తేరు బోరింగు దగ్గర ఆగాలి. తాత చెంబుతో నీళ్లు పట్టి స్వామి పాదాలు కడగాలి. ఆ తరువాత పసిపిల్లతో సహా అందరూ దోసెడు నీళ్లు తాగాలి. అది మా ఊరి ఆనవాయితీ.

నా తరువాత నాలుగేళ్లకు తమ్ముడు పుట్టాడు. నడక వచ్చినప్పటినుంచే వాడి మోకాళ్లు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగిలేవి. వాడలో ఇంకా కొందరు పిల్లలకు అలాగే ఉండేది. పెద్దవాళ్లకు నడుములు పట్టేసేవి. కష్టం చేసే ఒళ్లు అంతేలే అనుకునేవారు. వాడి కాళ్లు చక్కబడితే తేరు ముందర కొవ్వొత్తి పట్టించి నడిపిస్తానని అమ్మ మొక్కుకుంది. దాంతో ఊరుకోలేదు. రోజూ పొద్దున బోరింగులో పట్టిన తొలి బిందె నీళ్లు మందులాగా వాడికే. ఆ బిందె మోసింది నేనే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, పండుగకు ముందు, జీపులో ఇద్దరు వచ్చారు. అంతకు నెల ముందు సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లినవాళ్లే. వాడంతా కూలికి పోయింది. చర్చికి సున్నం వేస్తున్న తాత, సున్నం బకెట్ అందిస్తున్న నేను తప్ప ఎవరూ లేరు. వాళ్లు బోరింగు మెడకు ఎర్ర రంగు పూశారు. ఈ నీళ్లలో ఫ్లోరైడు ఉంది, తాగొద్దు, వంటకు వాడొద్దు, ఎముకలు వంకర పోతాయి, అందరికీ చెప్పు అని తాతతో అన్నారు.

"ఊరి బాయికి గూడ పూసిండ్రా సారూ?" అని తాత అడిగాడు.

దానికి అక్కర లేదన్నారు. ఆ ఒక్క మాటతో తాత ముఖం మాడిపోయింది. జీపు వెళ్లాక ఆ ఎరుపును బొటనవేలితో రుద్ది చూశాడు. అప్పుడు నాతో కాదు, తనలో తానే అనుకున్నట్టు అన్నాడు.

"మన నీళ్లే విషమైనయా వీళ్లకు? గీ బోరింగు మూతవడితే మల్ల దోసిలి వట్టి నిలవడాలె మనం."

తేరు కర్రలకు వేయడానికి తెచ్చిన నీలం రంగు చర్చిలో ఉంది. దాంతో ఆ ఎరుపు కనబడకుండా రెండు పూతలు వేశాడు. డబ్బా పట్టుకున్నది నేను. పని అయ్యాక గుడ్డకు కిరసనాయిలు తడిపి, నా వేళ్లు ఒక్కొక్కటీ, గోళ్ల సందులతో సహా, రుద్ది రుద్ది తుడిచాడు.

"ఇంట్ల చెప్పకు బిడ్డా. పండుగైనంక నేనే జెప్త."

ఆ నీలం పండుగకు వేసిన రంగే అని వాడంతా అనుకుంది. పండుగ అయింది. చెప్పలేదు. మరుసటి పండుగా అయింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఆయన భయం అదే అయి ఉంటుంది. నా భయం మాత్రం ఆయనే. రోజూ పొద్దున బిందె నింపుతూ ఆ నీలం రంగును చూసేదాన్ని. పెద్దాయనకు తెలియదా అనుకొని బిందె ఎత్తుకునేదాన్ని.

ఆ మూడో ఏడు జెండా ఎత్తిన రోజున అమ్మ తమ్ముణ్ణి నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లి వచ్చింది. వాడికి ఆరేళ్లు. పది అడుగులు వేస్తే కూర్చునేవాడు. రాత్రి బువ్వల దగ్గర అమ్మ చెప్పింది.

"ఎర్ర రంగేసిన బోరింగు నీళ్లు తాగుతున్నరా అని అడిగిండు డాక్టరు. లేదు సారూ, మాది నీలం రంగు బోరింగు, అంతోనివారిది అని చెప్పిన."

కంచంలో తాత చెయ్యి ఆగిపోయింది. నేను తల ఎత్తలేదు. అమ్మ మాత్రం ఆ మాట గొప్పగా చెప్పింది.

మర్నాడు తెల్లవారకముందే తాత కావడి ఎత్తుకొని, మైలున్నర దూరంలో, మా వాళ్లను చేద వేయనిచ్చే ఒక గొల్లాయన చేనిబావికి వెళ్లాడు. రెండు కడవలు తెచ్చి మా ఇంట్లో దించి, నవదినాలు ముగిసేదాకా పిల్లలకు ఇవే మొక్కు నీళ్లు అన్నాడు. అమ్మ నమ్మింది. నన్ను బోరింగుకు పోవద్దన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. తమ్ముడు బతికిపోయాడనుకున్నాను.

ఆరో రోజున పక్కింటి అక్క చంకలో బిడ్డతో బోరింగు కొడుతూ కనిపించింది. ఆ బిడ్డకు అప్పుడప్పుడే నడక వస్తోంది. దోసిట్లో నీళ్లు పట్టి దానికి తాగిస్తూ ముద్దు చేస్తోంది. నేను తాత దగ్గరికి వెళ్లి అడిగాను.

"తాతా, గా నీళ్లు మన తమ్మునికేనా? పక్కింటక్క బిడ్డకు వద్దా?"

ఆయన కోప్పడతాడనుకున్నాను. కావడి పక్కన అలాగే కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రం జపం చెప్పిస్తూ మధ్యలో ఆగిపోతే, వాడంతా ఆ ముక్క గుర్తు చేయవలసి వచ్చింది.

పండుగనాడు ఎండ నిప్పులు చెరిగింది. అంతోనివారు బాలయేసును ఎత్తుకొని తేరులో నిలబడ్డారు. పాటలు, డప్పులు. తమ్ముడి కాళ్లు చక్కబడకపోయినా, నడిచినంత దూరం నడిపిస్తానని అమ్మ వాడి చేతిలో కొవ్వొత్తి పెట్టి తేరు ముందర నడిపించింది. వాడు పడుతూ లేస్తూ బోరింగు దాకా వచ్చాడు. తేరు ఆగింది. తాత చెంబు అందుకోలేదు. నడుములో దోపుకున్న కత్తి తీసి బోరింగు మెడ గీకడం మొదలుపెట్టాడు. నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా రాలి, కింద ఎరుపు బయటపడింది. డప్పులు ఆగిపోయాయి.

"గీ ఎరుపు సర్కారోళ్లు పూసింది. గీ నీళ్లు తాగితే ఎముకలు వంగుతయన్నరు. రెండేండ్ల కింద నాకు జెప్పిండ్రు, మీకు జెప్పమన్నరు. నేను జెప్పలె. నీలం పూసి దాచిన. ఇండ్ల ఇంకెవ్వరి చెయ్యి లేదు, నేనొక్కన్నే."

ఆ చివరి మాట అబద్ధం. నన్ను చూడకుండా ఆడిన అబద్ధం. ఆ రోజు నేను తల దించుకొని ఆ మాట వెనక దాక్కున్నాను.

పక్కింటి అక్క బిడ్డను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకొని, మెల్లగా అడిగింది.

"దినాం నీ ముంగటనే పట్టుకపోతి గదనే తాతా?"

బాపు తన భుజం మీది కొమ్ము దించాడు. స్వామి ఒక పక్కకు ఒరిగారు. మిగిలినవాళ్లూ దించేశారు. ఒక్కొక్క ఇల్లు పిల్లల్ని ఎత్తుకొని వెళ్లిపోయింది. అమ్మ తమ్ముడి చేతిలో కొవ్వొత్తి లాక్కొని తాత కాళ్ల దగ్గర పడేసి పోయింది. పొద్దు గూకేదాకా తేరు ఆ ఎండలోనే ఉంది. దాని పక్కన తాత నిలబడ్డాడు. ఎవరూ దోసెడు నీళ్లు తాగని మొదటి పండుగ అది.

తరువాత బోరింగు పిడి తాతే ఊడదీశాడు. ఉపదేశి పని వేరొకరికి పోయింది. అమ్మ ఆయనకు మళ్లీ తన చేత్తో అన్నం పెట్టలేదు. నేనే పెట్టేదాన్ని. ఆయన మాత్రం రోజూ కావడి ఎత్తాడు. ముందు పక్కింటి అక్కకు, తరువాత పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ గొల్లాయన బావి నీళ్లు మోశాడు. కొందరు ఆయన ఎదుటే ఆ నీళ్లు పారబోసేవారు. మర్నాడు మళ్లీ ఆ ఇంటికే వెళ్లేవాడు. ట్యాంకరు రావడం మొదలయ్యేసరికి ఆయన భుజం పుండు పడి ఉంది. అప్పటికీ క్షమించానని ఆయనతో ఎవరూ అనలేదు. ఆయనా ఎవరినీ అడగలేదు.

పక్కింటి అక్క బిడ్డ చక్కగా నడిచింది. తమ్ముడి కాళ్లు బాగుపడలేదు. నలభై నిండకుండానే పోయాడు. మడతపడిన మోకాళ్లు చాపడానికి రాక, వడ్ల ఆయన ఇంకో పలక అతికి శవపెట్టె ఎత్తు పెంచాడు. మూత వేస్తుంటే, వాడికోసం నేను మోసిన బిందెలన్నీ నా నెత్తి మీద మళ్లీ పెట్టినట్టయింది. తాత ఒక్కడే దాచాడన్నది అబద్ధమని అమ్మకు ఆ రోజే చెప్పాను. "తాత రంగు గీకిననాడే నాకు తెల్సింది, అంతకుముందు నీ గోళ్లకు కిరసనాయిలు వాసనొచ్చింది గదనే," అంది అమ్మ.

తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లాలు పెట్టారు, కృష్ణ నీళ్లు వస్తున్నాయి. తేరు ఇప్పుడు ట్రాక్టరు మీద, దీపాల తోరణాలతో పోతోంది. పిడి లేని ఆ మొండి బోరింగు దారికి అడ్డమని, పీకేద్దామని పిల్లలు అడుగుతారు. నేను పీకనివ్వను. ఏటా జెండా ఎత్తే ముందు రోజున ఒక డబ్బా ఎర్ర రంగు కొని, పట్టేసిన నడుముతో దాని పక్కన కూర్చుని, మెడ చుట్టూ పూస్తాను. వేళ్లకు అంటిన రంగు పండుగ దాకా పోదు. మా కోడలు కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఇస్తుంది. నేను తీసుకోను. ఆ చేతులతోనే తేరు ముందర నడుస్తాను.