లారీ ట్యూబుల పడవ

తిరుపతి బస్టాండులో సూళ్లూరుపేట బస్సు కోసం కూర్చున్నాను. ఒకాయన, గాలి నింపిన రెండు లారీ ట్యూబులను చెక్క పలకతో జోడించి కట్టిన పడవను నా ముందు దించాడు.

“అక్కా, దీనిమింద రోంత కూసో. మా ఆడమనిషి నీ అంతే ఉంటాది. నీళ్లంటే బయం దానికి. పెండ్లయినకాడ్నించీ, నేను సేపలకు పోతే పులికాట్ సరస్సు గట్టునే కూసోని నా కోసం సూస్తాది. ఒక్కసారన్నా నాతో రావల్ల.”

“నేనేమన్నా తూకంరాయినా?” అని కసిరి, కూర్చున్నాను. ఆయన పక్క ట్యూబు మీద కూర్చుని గచ్చు మీదే తెడ్డు వేశాడు.

“బయమేస్తా ఉండాదా?”

“గచ్చు మీద బయమేందప్పా!”

“దానికీ అదే సెప్తా. తిరుపతిలో ఒక అక్క కూసునింది, రవ్వంత కూడా బయపడలేదని.”

ఆయన భార్య పడవ ఎక్కిందో లేదో తెలియదు. మాటకు మాట అప్పజెప్పే నేను, చెరువులో కాలు పెట్టాలన్నా నాకు వణుకేనని మాత్రం ఆయనకు చెప్పలేదు.