అదొచ్చింది, వాళ్ళొచ్చిన్రు

పక్క బెంచీ ఆవిడ నేతచీర నుంచి గంజి వాసన వచ్చేసరికి, దిల్‌సుఖ్‌నగర్ మేడమీది స్పానిష్ క్లాసులో నేను చదువుతున్న పాఠం నోట్లోనే ఆగిపోయింది. ఆఫీసులో మెక్సికో వాళ్ళతో మాట్లాడే పని నాకే కావాలని పట్టుబట్టి, నలభై దాటాక చేరాను. ఈ భాషలో కుర్చీ ఆడది, పుస్తకం మగది; ముందుండే చిన్నమాట కూడా దాన్నిబట్టే మారుతుంది: మగదానికి ఎల్, ఆడదానికి లా. మాటల్లో ఆడామగా తగాదా నాకు కొత్త కాదు.

చిన్నప్పుడు చంపాపేట్‌లో కిరాయి ఇల్లు మాది. వానలు వెనకబట్టి బతుకమ్మ దగ్గరపడే రోజుల్లో, ఆరేసిన గంజి చీరల మధ్య తొక్కుడుబిళ్ళ ఆడి, మలీద ముద్దల బెల్లం అంటిన చేతులతో ఇంట్లోకి వస్తుంటే, పోచంపల్లిలో మగ్గం వదిలొచ్చినా గొంతు మాత్రం తగ్గించని మా నాయనమ్మ వంటింట్లోంచి అడిగేది: "వాడు తిన్నడా? అది తిన్నదా?" వాడంటే అన్న, అదంటే నేను. పిల్లి పాలు తాగినా "అది తాగింది", నేను తాగినా "అది తాగింది". నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి చెల్లెలితో కలిసి వస్తే "వాళ్ళొచ్చిన్రా?" అంది. అన్నా, వాడి దోస్తులూ వచ్చినప్పుడు అనే మాటే! ఇక ఒంటరిగా గడప తొక్కితే ఒట్టు. నిద్రపోతున్న చెల్లెల్ని కూడా లేపి, అది ఏడుస్తున్నా రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చేదాన్ని.

"ఎప్పుడు జూసినా గా పిల్లను గుంజుకొస్తవేందే?"

"ఒక్కదాన్నే ఒస్తే అది అంటవు. ఇద్దరమొస్తేనే మనుషులం."

నాయనమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నన్ను గూడ అందరు అదే అన్నరు బిడ్డా," అని లేచి, తడిచేత్తోనే నా చెయ్యి పట్టుకుని గడప బయటికి తీసుకెళ్ళి, మళ్ళీ లోపలికి నడిపించింది. "ఇగో, వాళ్ళొచ్చిన్రు," అని తనే గట్టిగా అంది. ఆ తర్వాత నా అలికిడి వింటే చాలు, గడప దాకా ఎదురొచ్చేది.

"ఆగ్వా, అంటే నీళ్ళు, స్త్రీలింగమేనండి. ఏకవచనంలో మాత్రం ఎల్ వేస్తారు. బహువచనంలో మళ్ళీ ఆడమాటే, లాస్," అంటున్నారు గుంటూరు నుంచి వచ్చిన మా సారు. క్లాసంతా తల పట్టుకుంది. ఒక్కటిగా ఉంటే ఒక లెక్క, కలిసొస్తే ఇంకో లెక్క. నాకు ఒక్కసారికే అర్థమైంది. ఈ పరీక్ష నేను పాసై తీరతాను.

చంపాపేట్ ఇంటిచోట ఇప్పుడు షట్టర్లు లేచాయి, నాయనమ్మ లేదు, చెల్లెలు బడంగ్‌పేట్‌లో ఉంటోంది. క్లాసయ్యాక ఎల్బీనగర్‌లో నా ఇంటి తాళం నేనే తీసుకుంటాను. ఎదురొచ్చి చెయ్యి పట్టుకోనక్కర్లేదు. లోపలినుంచి "అదొచ్చిందా?" అని ఒక్కసారి అడిగినా చాలు, పరిగెత్తుకుని వెళ్తాను.