చెట్టుకు నోటీసిచ్చే యేసురత్నం సారు

మా యేసురత్నం సారుకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. చచ్చిన చెట్టును కొట్టడానికి అనుమతి ఇవ్వాలంటే ముందు ఆ చెట్టుకే నోటీసు ఇచ్చేవాడు. ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. దాని ముందు నిలబడి నోటీసు మొత్తం చదివి వినిపించేవాడు.

ఆయన జమ్మలమడుగు దగ్గర ఒక మండలాఫీసులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. నేను అక్కడే టైపిస్టును. సర్కారు స్థలంలో ఎండిపోయి, మనుషుల మీద పడేట్టున్న చెట్లను తీయించే ఫైళ్లన్నీ మా ఇద్దరి చేతుల మీదుగానే పోయేవి. నేను చేరిన మూడో రోజున ఆయన నా పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"హబీబుల్లా, నోటీసు రాయప్పా. సర్వే నంబరు నూటా పన్నెండులో నిలబడియున్న వేపచెట్టుకు తెలియజేయడమేమనగా..."

"చెట్టుకా సార్?"

"చెట్టుకే. కొట్టేది దాన్ని గదా, నిన్ను గాదు గదా."

టైపు చేశాను. 'నీవు ప్రాణము విడిచి మూడు సంవత్సరములు గడిచిననూ ఇంకను బాటసారుల తలలపైకి వాలుచున్నందున నిన్ను తొలగించుటకు నిశ్చయించడమైనది. ఆక్షేపణలు ఉన్నయెడల ఏడు దినములలోగా తెలుపవలెను.' కింద సంతకం, సీలు. ఒక కాపీ ఫైల్లోకి, ఇంకో కాపీ మేకు కొట్టి చెట్టుకి.

ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఆ రాగమే నోటీసుల్లోకి కూడా వచ్చేసేది. గొంతు ఊరి చివరిదాకా వినపడేది. చదవడం అయిపోగానే జనంలోనుంచి ఎవడో ఒకడు "ఆమెన్" అనేవాడు. సారు కోప్పడేవాడు కాదు. వాణ్ణి దగ్గరికి పిలిచి, పేరడిగి, సాక్షిగా సంతకం పెట్టించుకునేవాడు.

ఒకసారి ప్రొద్దుటూరు పోయే రోడ్డు పక్కన ఒక కానుగ మోడుకు నోటీసు ఇచ్చాం. ఐదో రోజున దాని మొదట్లో చిన్న చిగురు లేచింది. సారు ఫైల్లో 'ఎదుటి పక్షము వారి ఆక్షేపణ అందినది, చర్య నిలిపివేయడమైనది' అని రాసి పంపించాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మా ఆఫీసరుగారు అది చదివి తల పట్టుకున్నారు.

"ఏవిటండీ ఇది? చెట్టు ఎక్కడైనా సమాధానం చెబుతుందా?"

"చెప్పింది గద సార్. మూడాకులు."

ఆఫీసరుగారు నీళ్లు తాగి సంతకం పెట్టారు. ఆ కానుగ కింద ఇప్పుడు జనం బస్సు కోసం నిలబడుతున్నారు.

అవి పార్టీల రోజులు. ప్రతి ఊళ్లో రెండు పార్టీలు, రెండు పార్టీల ఇళ్లల్లోనూ నాటుబాంబులు. పగ మొదలుపెట్టాలంటే ముందు ఎదుటివాడి చీనీతోటలో కాపుకొచ్చిన బత్తాయి చెట్లు నరికేవారు. ఎవడైనా గొడ్డలి భుజాన వేసుకుని పోతుంటే జనం తలుపులు మూసుకునేవారు. అలాంటి కాలంలో మా సారు ఊరూరూ తిరిగి చెట్లకు నోటీసులు చదవడం చూసి నేను నెత్తి కొట్టుకునేవాణ్ణి.

ఒక నవంబరులో తుపాను వాన పట్టుకుంది. మధ్యాహ్నం పూట మాబున్ని అనే ఆమె తడుసుకుంటూ ఆఫీసుకు వచ్చింది. ఆమెది ఏటిగడ్డపల్లె. ఆ ఊళ్లో ఉన్నవి రెండే వీధులు. పైగేరి ఒక పార్టీ, కిందిగేరి ఒక పార్టీ. రెండు గేర్లకూ మధ్య, పెన్న ఒడ్డున, ఎండిపోయిన పెద్ద చింతచెట్టు కింద ఆమె రేకుల ఇల్లు. ఇంట్లో మంచం దిగలేని తల్లి. చెట్టు మాదంటే మాదని రెండు పార్టీలూ పట్టుబట్టడంతో ఊళ్లో ఎవడూ దానిమీద గొడ్డలి పెట్టలేదు.

"సార్, పొద్దున ఒక కొమ్మ ఇరిగి వాకిట్ల పడె. చెట్టు ఇంటి మీదికి ఒరుగుతాంది. ఒడ్డు గూడా కోసకపోతాంది సార్."

"మీ అమ్మను తీసుకోని ఎవురింటికన్నా పోకూడదామ్మా?" అన్నాను నేను.

"యాడికి పోవాల సార్? పైగేరిలో తల దాచుకుంటే కిందిగేరోళ్లు నన్ను పైగేరి మనిషంటారు. కిందికి పోతే పైనోళ్లు ఊరుకోరు."

ఆఫీసరుగారు కడపలో మీటింగులో ఉన్నారు. అత్యవసరమైతే ఇన్‌స్పెక్టరే అనుమతి ఇవ్వొచ్చు. కానీ ఏదన్నా గొడవ జరిగితే ఆయన ఉద్యోగమే పోతుంది. సారు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"ఎమర్జెన్సీ పర్మిట్ రాయప్పా. ఏడు దినాలు కొట్టేసి ఏడు నిమిషాలని పెట్టు."

ఇద్దరు కట్టెలు కొట్టేవాళ్లను వేరే ఊరి నుంచి జీపులో ఎక్కించుకుని పోయాం. చెట్టు నిజంగానే ఒరిగిపోయి ఉంది. వాళ్లు గొడ్డళ్లు తీశారు. సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండండప్పా. ఇంకా నోటీసు చదవలే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఏరు ఉరుముతోంది, ఈయన పైగేరిలో ఇంటింటికీ తిరిగి "చెట్టుకు నోటీసు చదవతాండా, సాక్షులు కావాల" అని పిలుస్తున్నాడు. తరువాత కిందిగేరి. గోనెసంచులు కప్పుకుని రెండు గేర్లూ తరలివచ్చాయి. ఊరికే చూసి నవ్వుకోవడానికే వచ్చారు. సారు వానలో గొడుగు పక్కన పెట్టి రాగం తీశాడు. ఎందుకు కొడుతున్నారో, ఎవరి సంతకంతో కొడుతున్నారో, గొడ్డలి పట్టేది ఎవరో అంతా చదివాడు. "ఆక్షేపణకు ఏడు నిమిషాలు" అని గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

ఐదో నిమిషంలో పైగేరి పెద్దాయన ముందుకొచ్చాడు. "చెట్టు మాది."

"శానా సంతోషం మామా. ఇంటి మీద పడితే మాత్రం కేసు నీమీదనే. ఈడ సంతకం పెట్టు."

పెద్దాయన వెనక్కి తగ్గాడు. "మాది గాదులే. కిందిగేరోళ్లది."

"మాకెందుకప్పా? అది సర్కారుదే," అన్నాడు కిందిగేరి పెద్దాయన వెంటనే. పాతికేళ్లుగా తెగని తగాదా రెండు మాటల్లో తెగిపోయింది.

గొడ్డళ్లు లేచాయి. చెట్టును ఏటివైపు లాగడానికి రెండు తాళ్లు కట్టారు. ఒకటి పైగేరివాళ్లు పట్టారు. అది చూసి రెండోది కిందిగేరివాళ్లు లాక్కున్నారు. ఒకరికంటే ఒకరు ఎక్కువ లాగాలని గుంజారు. చింతచెట్టు మాబున్ని ఇంటి రేకును కూడా తాకకుండా పెన్నలో పడింది.

అప్పుడే వాన ఇంకా పెద్దదైంది. మాబున్ని తలుపు బార్లా తీసి "అందరూ లోపలికి రాండి సార్" అంది. రెండు గేర్లూ ఆ ఇంట్లోకి, పంచలోకి దూరాయి. ఆమె టీ కాచింది. ఒకడు సారు గొంతు పెట్టి నోటీసు చదివి చూపిస్తుంటే రెండు పార్టీలవాళ్లూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

నేను ఓ మూల సారును పట్టుకున్నాను. "అంత వానలో చెట్టుకు చదవడమేంది సార్? దానికేమన్నా చెవులుండాయా?"

సారు గ్లాసులోకి చూస్తూ మెల్లగా చెప్పాడు. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఊళ్లో రెండు పార్టీల చేండ్ల నడుమ గట్టుమీది ఎండు చెట్టుకు పర్మిట్ ఇచ్చినా. ఎవురికీ చెప్పలే. తెల్లారి మొద్దు చూసి ఒక పార్టీవోళ్లు, అవతలి పార్టీవోళ్లే నరికినారనుకుండిరి. రెండు పానాలు పోయినాయప్పా. ఫైల్లో నా సంతకం మాత్రం శానా చక్కగుండె."

"అట్లయితే మనుషులకే చెప్పొచ్చు గద సార్."

"పిలిస్తే రెండు పార్టీలూ ఒకచోటికి వస్తాయా? చెట్టుకు చెప్తాండానంటే నన్ను జూసి నవ్వేదానికి అందరూ వస్తారు. చెవులు వాళ్లకుండాయి గదా, సాలు."

ఇన్నాళ్లూ ఆయన్ను చూసి నవ్వినందుకు సిగ్గేసింది. ఇంతలో మాబున్ని వచ్చి అడిగింది.

"సార్, వాకిట్ల మొద్దు మిగిలింది. తొవ్వి తీసేయమంటారా?"

"అట్లెట్ల తీస్తావమ్మా?" సారు గొంతు మళ్లీ ఊరి చివరిదాకా వినపడింది. "మొద్దుకు వేరే నోటీసు ఇయ్యాల. వచ్చే సోమారం చదువుతాం. రెండు గేర్లూ సాక్షికి రావాల."

"వస్తాంలే సార్," అన్నారు ఇద్దరు పెద్దాయనలూ, నవ్వు ఆపుకోలేక.

ఆ సోమవారం వాన లేదు. పొలాల్లో పని చాలా ఉంది. అయినా ఊరంతా వచ్చింది.