తొమ్మిది మంది, ముప్పై ఆరు గీతలు

ఆ రోజుల్లో నాకు తెలివికేమీ తక్కువ లేదు, అక్షరాలే లేవు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళంటే నాకిప్పటికీ మంట. మౌలాలిలో రైల్వే క్వార్టర్ల వెనక బస్తీ మాది. పొద్దున ఇళ్ళు కట్టే చోట ఇసుక తట్టలు మోసి, మధ్యాహ్నం చర్చి పక్క గదిలో పెద్దవాళ్ళ బడికి వెళ్ళేదాన్ని. చెప్పేది కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ. ఇరవై మంది రాకపోతే బడి ఎత్తేస్తామని ఆఫీసు నుంచి కబురొచ్చింది. నేనప్పటికి 'అ' నుంచి 'ఎ' దాకా వచ్చాను. అక్కడ ఆగే ప్రసక్తే లేదనుకున్నాను.

ఒకరోజు టీచరమ్మకు జ్వరం. తలుపు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకు పలక మీద గీతలు పెట్టమని నాకు కబురు పంపింది. నాకు తెలిసింది మేస్త్రీ లెక్క: తట్ట దింపిన ప్రతిసారీ ఒక గీత, మోసింది ఎవరైతేనేం! అలాగే పెట్టాను. నల్లా వచ్చిందని అందరూ బిందెలతో పరుగెత్తి తిరిగొచ్చారు, గీతలు. ఒకామె పిల్లకు పాలిచ్చి వచ్చింది, గీత. (మా పక్కింటామె ఒక్కతే ఏడు గీతలు. ఆమెకు కుదురు తక్కువ.) ముప్పై ఆరు తేలాయి. పలక చూసి టీచరమ్మ "దేవుడు నా ప్రార్థన విన్నాడే అమ్మాయ్!" అని కళ్ళు తుడుచుకుని, ఆ అంకె ఆఫీసుకు రాసి పంపింది.

రెండు రోజులకే ఆఫీసరు దిగాడు. తొమ్మిది మందిమి కూర్చున్నాం.

"మిగతావాళ్ళేరమ్మా?"

"ఇంకెవరున్నరు సార్? గింతే మేము," అన్నాను.

"మరి ముప్పై ఆరు?"

"అవి మేం వచ్చిన సార్లు. తట్టకో గీత లెక్క పెట్టిన."

టీచరమ్మ ముఖం పాలిపోయింది. "నా పరువు తీశావు కదే!"

నేను లేచి నిలబడ్డాను. "సార్, ముప్పై ఆరు మంది ఒక్కసారి మొఖం చూపిచ్చి పోతే ఎవరికన్న చదువొస్తదా? మేం బిందెలు నింపి, పిల్లల పండవెట్టి సుత మళ్ళ మళ్ళ వచ్చినం. గట్ల వచ్చింది లెక్కకు రాదా?"

ఆఫీసరు నవ్వాపుకోలేక దగ్గాడు. "నా రిజిస్టర్‌కు మనుషులే కావాలి తల్లీ. నెల టైమిస్తున్నా. ఇరవై మంది కనపడాలి."

నెలంతా బస్తీలో గడపగడపా ఎక్కి దిగాను. తలుపేసుకుంటే కిటికీ దగ్గర నిలబడ్డాను. పది మంది దొరికారు, ఇంకొక్కరు కావాలి. మిగిలింది మా అత్త. ఆమెకు నా చదువంటేనే గిట్టదు. "ఉట్టిగ కూసో అత్తా, పలక ముట్టకు," అని లాక్కెళ్ళాను. ఆమె ముట్టింది. కొన్ని నెలలకు, నేనింకా ఒత్తుల దగ్గర చతికిలబడి ఉంటే, ఆమె పాఠం చదివేసి, "గిదేం తక్లీఫే నీకు?" అంది.

బడి నిలిచింది, నాకూ చదువొచ్చింది. కానీ అత్త బతికున్నన్నాళ్ళూ మా ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ముందు విప్పి, బస్తీ అంతా వినబడేలా చదివింది ఆమే. ఇప్పుడు నా ఉత్తరాలు నేనే విప్పుకుంటున్నాను. ఇంట్లో ఎవరూ లేకపోయినా గట్టిగానే చదువుతాను.