నాది కుంట కాదు, జౌకు

నంద్యాల నుంచి పక్షుల సంస్థ అమ్మాయి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆయన మంచం వాల్చి మజ్జిగ ఇప్పించాడు. ఎవరు నవ్వుతూ పలకరించినా కరిగిపోయే మనిషి. నేను మాత్రం గ్లాసు చేతికిస్తూనే ఆమె సంచీలో ఏ కాగితాలున్నాయో తొంగిచూశాను. ఇంటికొచ్చి ఊరికే ఇస్తామనే వాళ్లంటే నాకు మొదటి నుంచీ గిట్టదు.

ఆమె వచ్చింది నా పసుపు కుంకుమ నేల కోసం. పెళ్లిలో పుట్టింటివాళ్లు ఆళ్లగడ్డ దగ్గర నాకిచ్చిన ఎకరన్నర అది. కేసీ కాలువ ఊట దిగి ఏడాదిలో సగం రోజులు నీళ్లు నిలిచే ఉంటాయి. అలా కాలు దిగబడే నేలను మా వైపు జౌకు అంటారు. వరి నాటితే కుళ్లేది, పసుపు పెడితే కొమ్ము ఊరేది కాదు. తుంగ, జమ్ము మాత్రం అడక్కుండానే పెరిగేవి. పనికిరాని చెక్క నాకు అంటగట్టారని అన్నల మీద చాలా ఏళ్లు కోపంగా ఉండేది. అయినా నా పేరున ఉన్న నేల అదొక్కటే.

"పంట పెట్టొద్దక్కా. పూడ్చొద్దు, మందు కొట్టొద్దు. కొంగలు, నీటికోళ్లు వస్తాండాయి కదా, వాటికోసం తడి అట్లే ఉండనీండి. ఏటా మా సంస్థ మీకు సాయం చేస్తాది" అంది.

"పంట పెట్టనందుకు దుడ్లిస్తారా? యాడైనా ఉందామ్మా ఇది?"

"ఉందక్కా. ఈడ మీతోనే మొదలుపెడతాండాం."

నాతోనే ఎందుకు? ఊళ్లో ఇంతమంది మోతుబరులుండగా నా ఎకరన్నరే ఎందుకు కనబడింది? ఆ ప్రశ్న చెవిలో జోరీగలా వదల్లేదు.

వారం తిరక్కుండానే మా ఆయనకు చెప్పకుండా నంద్యాల బస్సెక్కాను. బట్టల కొట్టు మిద్దె మీద వాళ్ల ఆఫీసు. కింద కొట్టాయనను అడిగితే "మంచోళ్లేమ్మా" అన్నాడు. అంత తొందరగా మంచివాళ్లని చెప్పేసరికి ఆయన మీద కూడా అనుమానం వచ్చింది.

పైకెళ్లి ఆ అమ్మాయిని ఒప్పందం కాగితం చూపించమన్నాను. నేల రకం అన్నచోట "కుంట" అని రాసుంది. కుంట అంటే మా దగ్గర నీళ్లు నిలిచే చోటు మాత్రమే కాదు. రికార్డులో ఆ మాట పడితే అది సర్కారుది, ఊరందరిదీ అయిపోతుంది. పట్టా చేతిలో ఉన్నా పనికిరాదని మా రైతుల భయం.

"నాది కుంట కాదు, జౌకు" అన్నాను.

"రెండూ ఒకటే కదక్కా."

ఒకటే అన్నదంటే వీళ్ల ఎత్తు తెలిసిపోయిందనుకున్నాను. "పైవాళ్లనడిగి మార్పించుకోనొస్తా, ఆగండక్కా" అని ఆమె వెంటబడినా వినకుండా మెట్లు దిగేశాను.

మర్నాడే జేసీబీని పిలిపించాను. సంగతంతా విన్న మా ఆయన, "ఆ పిల్ల మార్పిస్తానంది కదా, నాలుగు దినాలు ఆగరాదా?" అన్నాడు.

"నువ్వు గమ్మునుండు. నేల పోయినాక నువ్విస్తావా?"

పక్కనే పారే వంకలోకి కాలువ తీయించాను. మధ్యాహ్నానికల్లా నీళ్లన్నీ దిగిపోయాయి. నీళ్లే లేకపోతే కుంట అని ఎవరు రాస్తారు? గెలిచాననుకున్నాను. రెండు రోజులు కొంగలు బురదలో చేపపిల్లల్ని ఏరుకు తిన్నాయి. మూడో రోజు ఒక్కటీ రాలేదు.

పది రోజులకు ఆ అమ్మాయి నన్ను వెతుక్కుంటూ చేను గట్టు మీదికే వచ్చింది. "మార్పించినానక్కా, చదువుకోండి" అంటూ దూరం నుంచే కాగితం చాపింది. నేల రకం: జౌకు. దాని కిందే, ఇది రైతు సొంత పట్టా భూమి, దీని మీద సంస్థకు ఏ హక్కూ లేదు అని రాసుంది. రెండుసార్లు చదివాను. మోసం ఎక్కడుందోనని వెనక్కి తిప్పి కూడా చూశాను. ఎక్కడా లేదు.

అప్పుడు ఆమె చేను వైపు చూసింది.

"జౌకు యాడక్కా?"

నేనూ అటు తిరిగాను. నేల పగుళ్లిచ్చి ఉంది, తుంగ ఎండి పడిపోయింది. వెనక నిలబడ్డ మా ఆయన "కాలవ పూడిస్తే మళ్లా ఊట పట్టదామ్మా?" అని నసిగాడు. "పడుతుందేమోన్నా. ఎన్నాళ్లకో చెప్పలేను" అంది ఆమె.

కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. సంతకం చోటుకు పైన "ఈ నేలను తడిగా కాపాడుతున్న రైతు" అని ఉంది. ఏ మోసమూ లేని ఆ కాగితం మీద నేను సంతకం పెడితే, అదే మొదటి మోసం అవుతుంది. తిరిగి ఆమెకే ఇచ్చేశాను.