సద్దుల నాటి తంగేడు పాఠం

చొప్పదండిలో ఒక వాడ మొత్తానికి బతుకమ్మ లేకుండా చేయబోయిన మహానుభావుణ్ణి నేనే. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

డిగ్రీ అయ్యాక, పోటీ పరీక్షల పుస్తకాలు మోసుకుని దసరాకు అక్క వాళ్లింటికి వెళ్లాను. వాడలో అందరికన్నా ఎత్తు బతుకమ్మ పేరుస్తానని అక్క తన అత్తగారికి మాటిచ్చింది. నాకేమో వాడ పిల్లలకు ప్రకృతిని పరిచయం చేయాలని తాపత్రయం. చేతిలో బొమ్మల మొక్కల పుస్తకం, మెడలో భూతద్దం. కరీంనగర్‌లో పెరిగినవాణ్ణి కదా, మా ఇంటికి బతుకమ్మ పూలు మార్కెట్ నుంచి సంచిలో వచ్చేవి. ఎవరో పొద్దున్నే గట్లెంట తిరిగి తెంపుతారని నాకు తట్టనే లేదు.

బతుకమ్మ పండుగ చివరి రోజు, సద్దుల నాడు పొద్దు పొడవగానే పిల్లల్ని పొలాల గట్లకు తీసుకెళ్లాను.

"తంగేడు, గునుగు చూశారా? ఒక్కొక్కరూ అన్నిటికన్నా మంచి పువ్వు ఒక్కటి తేవాలి!"

కాసేపటికి అందరూ ఒడినిండా పూలతో వచ్చారు.

"ఒక్కటే అన్నాను కదా!"

"అన్ని తెంపితెనే గద సార్, ఏది మంచిదో ఎర్కయ్యేది!" అంది అక్క పక్కింటి శ్రావ్య.

మెడలోని భూతద్దం తీసి ఆ పిల్ల చేతికిచ్చాను. అందులోంచి చూసి, "సార్, తంగేడు రెక్కలకు నరాలున్నయి! మన చేతికున్నట్టే!" అని అరిచేసరికి నాకు ఒళ్లు పులకరించింది. ఇన్ని పూలు వాడిపోతే పాపమని ఇంటికి తెచ్చి, అన్నింటినీ నా లావుపాటి పుస్తకాల్లో పెట్టించి, పైన బరువుకు పిల్లల్నే కూర్చోబెట్టాను.

అంతలో బావ ఖాళీ సంచితో వచ్చాడు, వెనకే వాడ ఆడవాళ్లు.

"గట్లపొంటి ఒక్క పువ్వు లేదు. ఎవడో పొద్దుగాల్నే ఊడ్సుకపోయిండు! కరీంనగర్ల గూడ అయిపోయినయంట."

అక్క పిల్లల కిందికి చూసింది. "తమ్మీ, గా పుస్తకాలల్ల పచ్చగ ఏందిరా?"

"ప్రకృతి, అక్కా."

తెరిచి చూస్తే పూలన్నీ అటుకుల్లా ఉన్నాయి.

"గీటితోని ఎట్ల పేర్వాలెరా? మా అత్తకు ఏం చెప్పాలె?" అంటుంటే అక్క కళ్లు నిండాయి. అప్పుడు నిజంగా సిగ్గుపడ్డాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, ఉన్నయే పేరుద్దాం," అన్నారు అత్తగారు. పూలు వాడంతా పంచుకున్నారు. ఎన్ని వరుసలు పేర్చినా బతుకమ్మలు పైకి లేస్తేనా! సాయంత్రానికి అందరివీ సర్వపిండి రొట్టెల్లా చదునుగానే ఉన్నాయి. అక్క ఏమనుకుందో, పైన పెట్టే పసుపు గౌరమ్మను మాత్రం మామిడికాయంత చేసి పెట్టింది.

అత్తగారు అన్ని బతుకమ్మల్నీ తేరిపార చూశారు. "మాట నిలవెట్టుకున్నవ్ బిడ్డా. మనదే ఎత్తు! పూలది కాదు, గౌరమ్మది."

ఆ గౌరమ్మ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై సద్దుల నాడు పిల్లలకు ప్రకృతిని చూపించాల్సి వస్తే రాళ్లనే చూపిస్తాను. వాటినీ తెమ్మని మాత్రం అనను.