ఒక్క గంటా పోలేదు

మా ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఆయన్ని వార్డులో అందరం గంటలాయన అంటాం. ఎదురుగా మాత్రం కాదు. మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది.

మంచం దగ్గర బటన్ నొక్కితే నా బల్ల ముందున్న బోర్డు మీద ఆ మంచం నంబరు వెలిగి గంట మోగాలి. ఆ కబురు మోసుకొచ్చేది ఒక డీమన్. అంటే తెర మీద ఎక్కడా కనబడకుండా వెనకాల రాత్రింబవళ్ళు పనిచేసే ప్రోగ్రాము. మా ఆయాకి ఆ పేరు దెయ్యంలా వినబడింది. "సార్, మీ దెయ్యం లేచిందా?" అని రోజూ అడిగేది. ఆయన నవ్వేవాడు కాదు. ఆ ప్రోగ్రాము కొన్న సరుకు కాదట. ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని, లోపలి కోడు చదివి దిద్దుకోవచ్చట. "కోడు మొత్తం తెచ్చి, ఇక్కడే నా చేత్తో ప్రోగ్రాముగా బిల్డ్ చేశాను సిస్టర్. అందులో ప్రతి వరుసా నాకు తెలుసు," అనేవాడు. మీసాలు లేవు గానీ, ఉంటే మెలేసేవాడే.

ఈ గంటలొచ్చాక మేం వార్డు చుట్టి రావడం సూపరింటెండెంటు మాన్పించేశాడు. ఇద్దరు నర్సుల్ని కూడా తీసేశాడు. కావాల్సినవాళ్ళే నొక్కుతారుగా అన్నాడు.

అలాంటి వార్డుకి గంటలాయన తన తల్లినే తెచ్చుకున్నాడు. పక్షవాతం. మాట పడిపోయింది, ఎడమచెయ్యి ఒక్కటే ఆడుతోంది. మూడో మంచం ఇచ్చాం. బటన్ ఆ చేతిలో పెట్టి, "అమ్మా, ఏం కావాలన్నా ఇది నొక్కు. నేనున్నాగా," అన్నాడు. ఆవిడ కళ్ళతోనే సరేనంది.

మర్నాడే ఆవిడ నొక్కిన గంట మోగలేదు. పక్కంతా తడిసి, అందులోనే పడుంది. అది చూసి ఆయన నా మీద ఇంతెత్తున లేచాడు. నేనూ ఊరుకోలేదు.

"వెళ్ళి మీ దెయ్యాన్ని అడగండి. నా మీద అరుస్తారేం?"

ఆయన ముఖం మాడిపోయింది. మాడాలనే అన్నాను. అప్పట్నించీ నాతో మాటలు బంద్.

అప్పుడప్పుడు ఒక గంట ఎక్కడో జారిపోతోందని ఆయనకీ తెలుసు. వేరే కంప్యూటరులో దాని నకలు నడిపి ఎంత వెతికినా ఆ తప్పు దొరకలేదు. అందుకని వార్డుకి నడుస్తున్న డీమన్‌నే పట్టుకున్నాడు. డీబగ్గర్ అని ఒకటి తగిలిస్తే ప్రోగ్రాము అనుకున్న చోట ఆగిపోతుందట, తాపీగా లోపల చూడొచ్చట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆపుతున్నానని ఆ రోజు ఒక్క ముక్క చెప్పలేదు. మాటల్లేవుగా. నా బోర్డు మీద, గంటలు పనిచేస్తున్నాయని చెప్పే పచ్చదీపం ఎప్పట్లాగే వెలుగుతోంది.

మధ్యాహ్నం తప్పు దొరికింది. చంటిపిల్లాడిలా గెంతుకుంటూ గదిలోంచి వచ్చి, సూపరింటెండెంటుకి చెప్పడానికి మేడ మీదికి పరుగెత్తాడు. ఆపినదాన్ని మళ్ళీ నడిపించడం మర్చిపోయాడు. పైన టీ ఇచ్చారు, భుజం తట్టారు. కింద భోజనాలయ్యాక జనం నిద్రపోతున్నారు. గంట లేదు, గోల లేదు. నేను హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఆయన చాలాసేపటికి కిందికొచ్చి తెర చూసుకుని, నాలిక కరుచుకుని మీట నొక్కాడు. ఆగిపోయిన కబుర్లన్నీ లోపల వరుసకట్టి ఉన్నాయేమో, గంట మోగింది. మళ్ళీ మోగింది. చెవులు చిల్లులు పడేలా మోగుతూనే ఉంది.

"చూశారా సిస్టర్!" నాతో మాట్లాడనన్న మనిషి తలుపు దగ్గరికొచ్చి కేకేశాడు. "ఒక్కటి కూడా పోలేదు!"

నేను బోర్డు వైపు చూపించాను. ఆరి ఆరి వెలుగుతున్నది ఒకటే నంబరు. మూడు.

ఇద్దరం పరుగెత్తాం. ఆవిడకి వాంతి అయింది. పక్కకి తిరగలేకపోయింది. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

"నొక్కావా అమ్మా? నొక్కావా?" అని అడుగుతూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనూ వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

మంచం దగ్గర బటన్ తిప్పితే తప్ప గంట ఆగదు. అది ఆవిడ గుప్పిట్లో ఉంది. ఆ వేళ్ళు విప్పడం కొడుకువల్ల కాలేదు. నేనే విప్పాను.